విశాఖ నుంచి ఒక్కరోజు కారు చుట్టు: కంబాలకొండ, భీమిలి, తొట్లకొండ... ఏది ముందు, ఏది వెనక?

లాసన్స్ బే వాసి:

నమస్కారం అండి. డిసెంబరు రెండో వారంలో అమ్మానాన్నల్ని, ఇద్దరు పిల్లల్ని తీసుకుని ఒక రోజంతా కారులో తిరుగుదామని అనుకుంటున్నాను. నాన్నగారికి 70 దాటాయి, మోకాళ్ళ నొప్పులు. పిల్లలకి 8, 11. బండి చిన్న హ్యాచ్‌బ్యాక్, పెట్రోలు, మాన్యువల్ గేర్లు. చీకటి పడేలోగా ఇల్లు చేరాలి.

సముద్రం, అడవి, పాతకాలపు కట్టడాలు మూడూ ఒకే రోజులో చూపించాలని కోరిక. నేషనల్ పార్కు లోపల నుంచి కారులో వెళ్ళే రోడ్డు మనకి దగ్గర్లో ఏదైనా ఉందా? కంబాలకొండలోకి సొంత కారు పోనిస్తారా? పాత బౌద్ధ కట్టడాలున్న తొట్లకొండ, బావికొండ, పావురాళ్ళకొండ మూడూ ఎక్కాలా, ఒకటి చాలా? ఎర్రమట్టి దిబ్బల్లో పెద్దవాళ్ళు నడవగలరా? బీచ్ రోడ్డు మీద వెళ్ళి అదే దారిలో తిరిగి రావడమేనా, వేరే దారి ఉందా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

స్టీరింగ్ మాస్టారు:

ముందు నేషనల్ పార్కు సంగతి. విశాఖ చుట్టుపక్కల అలాంటిది లేదు. కంబాలకొండ వన్యప్రాణి అభయారణ్యం. సుమారు 70 చదరపు కిలోమీటర్లు, 1970లో ప్రకటించారు, అంతకుముందు విజయనగరం రాజుల చేతిలో ఉండేది. మనకి చెప్పుకోదగ్గ నేషనల్ పార్కు అంటే పాపికొండలు. 1978లో అభయారణ్యం, 2008లో నేషనల్ పార్కు అయింది. కానీ ఇక్కడి నుంచి రాజమండ్రి చేరడానికే 190 కిలోమీటర్లు. పెద్దవాళ్ళతో ఒక్కరోజులో పోయి రావడమంటే చూసేది తక్కువ, కూర్చునేది ఎక్కువ. అది రెండు రోజుల పని, ఇప్పటికి వదిలేయండి.

మీరు అడిగిన మూడూ ఒకే చుట్టులో దొరుకుతాయి: హనుమంతవాక, కంబాలకొండ, మధురవాడ, ఆనందపురం, తగరపువలస, భీమిలి, ఎర్రమట్టి దిబ్బలు, మంగమారిపేట, తొట్లకొండ, రుషికొండ, తెన్నేటి పార్కు, ఇల్లు. మొత్తం 70 కిలోమీటర్లు అటూ ఇటూ. పెట్రోలు గురించి ఆలోచించే దూరమే కాదు. ఆలోచించాల్సింది ఏ వైపు నుంచి తిరగాలన్నదే.

అందరూ పొద్దున్నే బీచ్ రోడ్డెక్కి భీమిలి పోతారు. నా సలహా దానికి రివర్సు. మామూలు రోజైతే హైవే మీద వెళ్ళండి, బీచ్ రోడ్డు మీద తిరిగి రండి. కారణాలు మూడు.

మనం ఎడమ పక్కన నడుపుతాం. భీమిలి వెళ్ళేటప్పుడు సముద్రం కుడివైపు, అంటే ఎదురుగా వచ్చే బండ్లకి అవతల ఉంటుంది. ఎక్కడ ఆపాలన్నా రోడ్డు దాటాలి, పిల్లలతో అది ప్రమాదం. తిరిగొచ్చేటప్పుడు సముద్రం ఎడమకి వస్తుంది. ఇండికేటరు వేసి పక్కకి తీస్తే చాలు, ఎడమ కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళకి అడ్డేమీ ఉండదు.

రెండోది వెలుతురు. పొద్దున సూర్యుడు సముద్రం మీద నుంచే కొడతాడు కాబట్టి నీళ్ళు తళతళలాడే రేకులా కనబడతాయే తప్ప రంగు తెలియదు. మధ్యాహ్నం దాటాక ఎండ కొండల వైపు నుంచి పడుతుంది. అప్పుడే నీలం నీలంలా ఉంటుంది.

మూడోది, కంబాలకొండ గేటు. హనుమంతవాక నుంచి మధురవాడ వైపు వెళ్ళేటప్పుడు అది మీ ఎడమ చేతికే వస్తుంది, జూ ఉన్న పక్కకి ఎదురుగా. సాయంత్రం మధురవాడ వైపు నుంచి వస్తే డివైడరు అవతల పడుతుంది, యూ టర్ను వెతుక్కోవాలి. పైగా సాయంత్రం అడవిలో పిట్టల్ని చూసే తీరిక ఎవరికుంటుంది.

ఆదివారమైతే మాత్రం మొత్తం తిరగేయండి. ఆదివారం సాయంత్రం ఊరంతా బీచ్ రోడ్డు మీదే ఉంటుంది. రుషికొండ దగ్గర నుంచి తెన్నేటి పార్కు దాకా ఫస్టు గేరులోనే ఈడ్చుకు రావాలి, క్లచ్చి మీద కాలు తీయడానికి ఉండదు.

లోపల కారులో తిరగడం అన్నారు కదా, కంబాలకొండలో అది కుదరదు. టికెట్ తీసుకుని, బండి పార్కింగులో పెట్టి నడవాలి. అభయారణ్యం అంటే అటవీ శాఖ అనుమతించిన బాటలు తప్ప మిగతాది మనది కాదు. నాన్నగారు చెరువు దగ్గర కూర్చుంటారు, మీరు పిల్లల్ని తీసుకుని ఒక బాట తిరిగి గంటన్నరలో వచ్చేయొచ్చు. చిరుత ఉంది కానీ కనబడుతుందని ఆశ పెట్టుకోకండి, పిల్లలకీ పెట్టకండి. పొద్దున్నే వెళ్తే పిట్టలు మాత్రం ఖాయం. తినుబండారాల ప్లాస్టిక్ కవర్లు కారులోనే వదిలేయండి.

చిట్టివలస కుర్రోడు:

మాస్టారు చెప్పిన దారిలో ఒక్క చోట జనం తప్పిపోతారు. ఆదివారం రివర్సులో వస్తే తగరపువలస నుంచి విశాఖ వైపు వచ్చేటప్పుడు ఆనందపురం దగ్గర జాగ్రత్త. అక్కడి నుంచి అనకాపల్లికి ఆరు లైన్ల బైపాస్ చీలిపోతుంది. పెద్ద రోడ్డు కదా అని కుడివైపు దాన్నే పట్టుకుని పోతే పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లి తేలతారు. ఎక్కాక వెనక్కి తిరగడానికి దారి వెంటనే దొరకదు. మధురవాడ, విశాఖ సిటీ అని ఉన్న బోర్డు చూసి ముందే ఎడమ లైనులోకి మారిపోవాలి.

భీమిలి నుంచి తగరపువలస 8 కిలోమీటర్లుంటుంది. టిఫిన్ తగరపువలసలో కానిచ్చేయండి, హైవే మీద కన్నా నయం. భీమిలిలో మధ్యాహ్నం చేపల వేపుడు, పులుసు భోజనం దొరుకుతుంది. ఒంటిగంట దాటితే మంచి చేప అయిపోతుంది, పన్నెండున్నరకే కూర్చోండి. డిసెంబరు కాబట్టి దారిలో తేగలు అమ్ముతారు. ఉడికించినవీ కాల్చినవీ రెండూ ఉంటాయి, కాల్చినవే రుచి. నాన్నగారికి పళ్ళు గట్టిగా ఉంటేనే సుమండీ.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర రోడ్డు మీద ఎండలో నడిపించడం దేనికి, కారు కాస్త లోపలికి దింపేస్తే పెద్దవాళ్ళకి నడక తగ్గుతుంది. బండ్ల చాళ్ళు కనిపిస్తూనే ఉంటాయి.

ఖొండలైట్:

కుర్రోడు గారూ, ఆ చివరి సలహా దయచేసి ఎవరూ పాటించకండి. ఎర్రమట్టి దిబ్బలు జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా గుర్తించిన జాతీయ భూవారసత్వ స్థలం. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది. అక్కడ పడిన ఒక్కో టైరు జాడ తర్వాతి వానకి కాలవ అవుతుంది. ఆ ఇసుకకి పట్టు లేదు. నీళ్ళు ఎక్కడ జాడ దొరికితే అక్కడే కోసుకుంటూ పోతాయి, అలా పుట్టినవే మనం చూసే లోయలన్నీ. నియమం సంగతి అటుంచినా బండి కూరుకుపోవడం ఖాయం.

నడవడం గురించి. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి కొండ కన్నా మెత్తటి ఇసుకే ఎక్కువ బాధ. అడుగు దిగబడి మడమ మెలిక పడుతుంది. నాన్నగారు మొదట్లోనే, నేల గట్టిగా ఉన్న చోట నిలబడి చూడటం మంచిది. మీరూ పిల్లలూ లోపలికి వెళ్ళినా అరగంటకి మించొద్దు. గోడల అంచుల మీద నిలబడొద్దు, గోడల కింద నీడకి కూర్చోవద్దు. పైన గట్టిగా కనిపించినా కింద వాన నీరు తొలిచేసి ఉంటుంది, పెళ్ళ పెళ్ళగా ఊడిపడుతుంది. వాన పడి రెండు రోజులైనా కాకపోతే అసలు లోపలికి దిగకండి. డిసెంబరు మొదట్లో తుఫాను వచ్చి వెళ్ళే అవకాశం ఉంది కనుక చెబుతున్నాను. లోపల మలుపులన్నీ ఒకేలా ఉంటాయి. దిగే ముందు రోడ్డు పక్క ఏదైనా పెద్ద గుర్తు చూసి పెట్టుకోండి, సముద్రం చప్పుడు ఏ చెవికి వినబడుతోందో గమనించండి. తెల్ల బట్టలు వేసుకుంటే ఆ మరక పోదు.

దిబ్బలకి ఆనుకునే నౌకాదళం వారి ఐఎన్ఎస్ కళింగ ఉంది. డ్రోన్ తెచ్చుకుంటే ఇంట్లోనే వదిలేయండి.

ఇప్పుడు కొండల సంగతి. మూడూ ఎక్కాల్సిన పని లేదు. మీ ఇంటివాళ్ళకి తొట్లకొండ ఒకటి చాలు. కారు పైదాకా పోతుంది, పైన నడక ఉన్నా పెద్ద ఎత్తు ఎక్కేది ఉండదు, సముద్రం కళ్ళ ముందే. బావికొండలో 1982 నుంచి 1987 దాకా తవ్వకాలు జరిగాయి. అక్కడి మహాచైత్యంలో (పెద్ద స్తూపంలో) ఎముక ముక్క ఉన్న ధాతుపాత్ర (అవశేషాలు దాచే పాత్ర) దొరికింది, అది బుద్ధుడి ధాతువే అని నమ్మేవాళ్ళున్నారు. ప్రశాంతంగా ఉంటుంది, బౌద్ధం మీద ఆసక్తి ఉన్నవాళ్ళకి తొట్లకొండ కన్నా అదే నచ్చవచ్చు. పిల్లలకి మాత్రం సముద్రం కనబడే కొండే. పావురాళ్ళకొండ భీమిలి పక్కనే, నరసింహస్వామి గుడి ఉన్న కొండ. వాన నీటి కోసం రాతిలో తొలిచిన తొట్లు అక్కడా ఉన్నాయి, గోస్తని సముద్రంలో కలిసే చోటు అంతా కనబడుతుంది. కానీ మెట్లు, పైగా మీరు భీమిలిలో ఉండేది మిట్టమధ్యాహ్నం. వదిలేయండి.

తొట్లకొండ ఎత్తు 128 మీటర్లు. నౌకాదళం వాళ్ళు స్థావరం కోసం విమానంలో సర్వే చేస్తున్నప్పుడు బయటపడింది. 1988 నుంచి 1992 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వింది. హీనయాన బౌద్ధ శాఖ భిక్షువులు ఉన్న చోటు, 2000 ఏళ్ళ నాటిది. శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. ఊరికి దూరంగా కొండ మీద కూర్చున్నవాళ్ళకి రోము నాణెం ఎలా వచ్చిందని పిల్లల్ని అడగండి. కింద రేవు, రేవులో వర్తకులు, వాళ్ళ దానాలు. జవాబు ఎదురుగా కనబడుతున్న సముద్రంలోనే ఉంది.

అక్కడికి వెళ్ళినవాళ్ళు చాలామంది స్తూపం ముందు ఫొటో తీసుకుని దిగిపోతారు. మీరు ముందు నీళ్ళ ఏర్పాటు చూడండి. కొండ నెత్తిన ఊట లేదు, ఏరు లేదు, ఉన్నదల్లా వాన. అందుకే పరబండని తొలిచి తొట్లు చేశారు. తొట్టి అంచున నిలబడి చుట్టూ బండ ఎటు వాలి ఉందో చూస్తే నీరు ఎక్కడి నుంచి దిగేదో తెలిసిపోతుంది. తర్వాత విహారాలు: వరసగా చిన్న చిన్న గదుల పునాదులు, ముందు వసారా. ఒక మనిషి పడుకోవడానికి సరిపోయే కొలత. భోజనశాల వాటికి విడిగా ఉంటుంది. పునాది గోడలు మోకాలెత్తు కూడా లేని చోట్లున్నాయి, పిల్లలు వాటి మీద నడవకుండా చూసుకోండి. కట్టినది ఇటుకా రాయీ, ఒక అంచు కదిలితే వరసంతా కదులుతుంది.

ఇంకొకటి, ఆ రాయిని దగ్గరగా చూడండి. ఇది ఖొండలైట్, మన కొండలన్నీ ఇదే. తుప్పు రంగు చారల మధ్య గోమేదికం చుక్కలు ఎర్రగా, ఆవగింజంతవీ అంతకన్నా పెద్దవీ కనిపిస్తాయి. ఈ రాయి శిథిలమై వాగుల వెంట కొట్టుకొచ్చిందే భీమిలి తీరంలో ఇసుక. అల వెనక్కి వెళ్ళాక తడి ఇసుక మీద గులాబీ రంగు చార కనబడితే అది గోమేదికం, నల్ల చార ఇల్మనైట్ అనే ఇనుప ఖనిజం. గట్టి అయస్కాంతం ఒకటి జేబులో వేసుకెళ్ళి ఎండిన నల్ల ఇసుకలో తిప్పండి, పట్టుకుంటుంది. ఎర్రమట్టి దిబ్బల ఎరుపు వేరే లెక్క: ఇసుక రేణువు చుట్టూ ఇనుము ఆక్సైడు పూత. ఒక గుప్పెడు ఇసుక మీద నీళ్ళు పోసి రుద్దితే వేలికి అంటుకునేది ఆ పూతే. ఈ ప్రయోగం రోడ్డు పక్కన రాలి పడిన దాంతోనే చేయండి, గోడ గోకొద్దు.

స్టీరింగ్ మాస్టారు:

ఖొండలైట్ గారు చెప్పిన మాటకి నాదీ ఒక ఓటు. దిబ్బల్లోనే కాదు, మంగమారిపేట, భీమిలి ఎక్కడైనా సరే ఇసుక మీద బండి పెట్టొద్దు. పైన ఎండి గట్టిగా కనబడుతుంది, ముందు చక్రాలు ఒక్క చుట్టు ఖాళీగా తిరిగాయంటే ఇరుసు దాకా దిగిపోతాయి. హ్యాచ్‌బ్యాక్‌లో ఇంజన్ బరువు, లాగే చక్రాలు రెండూ ముందే.

పొరపాటున దిగబడితే యాక్సిలరేటరు తొక్కడం ఆపేయండి. అందరూ దిగాలి. ముందు చక్రాల వెనకున్న ఇసుక చేత్తోనో పళ్ళెంతోనో తీసేసి, కాళ్ళ కింద వేసే మ్యాట్లు వెనక నుంచి చక్రం కిందకి దూర్చండి. టైర్లలో గాలి 18 పీఎస్ఐ దాకా తగ్గించండి, టైరు వెడల్పుగా పరుచుకుని పట్టు దొరుకుతుంది. వెళ్ళిన చాళ్ళలోనే రివర్సులో, స్టీరింగ్ తిన్నగా పెట్టి, క్లచ్చి నెమ్మదిగా వదులుతూ రావాలి. బయటపడ్డాక ఆ గాలితో హైవే ఎక్కకండి, పక్క గోడ వేడెక్కి పగులుతుంది. దగ్గరి బంకు దాకా 30 స్పీడులో వెళ్ళి మామూలు ప్రెషరు కొట్టించుకోండి.

తిరుగు దారిలో నేను చెప్పిన పద్ధతికి ఒక ఇబ్బంది ఉంది, అది కూడా చెప్పాలి. డిసెంబరులో సూర్యుడు నైరుతి మూల దిగుతాడు. బీచ్ రోడ్డు మీద విశాఖ వైపు వస్తుంటే మీ ముఖం కూడా దాదాపు అటే. కొండలు అడ్డున్న చోట పరవాలేదు, లేని చోట నాలుగు దాటాక ఎండ సరిగ్గా డ్రైవరు కళ్ళలో పడుతుంది. దానికి తోడు ఉప్పు గాలికి అద్దం మీద పల్చటి పొర కట్టి ఉంటుంది. ఆ పొర మీద వాలు ఎండ పడితే ఎదురు బండి కూడా కనబడదు. పొడిగా వైపరు వేస్తే ఉప్పు, సన్నటి ఇసుక కలిసి అద్దం మీద గీతలు పడతాయి. భీమిలిలో బయలుదేరే ముందే సీసాడు నీళ్ళు పోసి, బట్టతో లోపలా బయటా తుడిచేయండి. వాషరు డబ్బా ఇంటి దగ్గరే నింపుకోండి.

తొట్లకొండ ఎక్కేటప్పుడు ఐదుగురితో, ఏసీతో చిన్న ఇంజన్ ముక్కుతుంది. ఏసీ ఆపి సెకండు గేరు, మలుపుల్లో అవసరమైతే ఫస్టు. దిగేటప్పుడు సెకండులోనే ఉంచి ఇంజన్ పట్టుతో దించండి, బ్రేకు ఊరికే నొక్కి పట్టుకుని ఉంటే వేడెక్కి పట్టు తగ్గుతుంది. న్యూట్రల్ మాటే వద్దు. మలుపు దగ్గర హారన్ కొట్టండి, పైకొచ్చే బండికి దారి ఇవ్వండి.

లాసన్స్ బే వాసి:

చాలా థాంక్స్ అండి. అయితే గురువారం పెట్టుకుంటాం, హైవే మీద వెళ్ళి బీచ్ రోడ్డు మీద వస్తాం. బావికొండ, పావురాళ్ళకొండ తీసేశాను. టైము ఎలా పంచుకోవాలి? భీమిలిలో సమాధులు, చర్చి కాక ఇంకేం చూడాలి? అన్నట్టు మంగమారిపేట దగ్గర సముద్రంలో రాతి తోరణం అంటారు, అది ఏ టైములో కనబడుతుంది?

చిట్టివలస కుర్రోడు:

దిబ్బల సంగతి ఒప్పుకుంటున్నాను, కారు రోడ్డు మీదే.

టైము ఇలా వేసుకోండి. ఏడింటికి కంబాలకొండ, ఎనిమిదిన్నరకి బయటికి. తొమ్మిదింబావుకి తగరపువలసలో టిఫిన్. పదింటికి భీమిలి. పన్నెండున్నరకి భోజనం, రెండింటికి కదలాలి. రెండుంబావుకి దిబ్బలు, మూడింటికి మంగమారిపేట, మూడున్నరకి తొట్లకొండ. ఐదింటికల్లా కొండ దిగిపోవాలి, ఆ రోజుల్లో సూర్యుడు ఐదుంపావు, ఐదున్నర మధ్య దిగిపోతాడు. ఎక్కడైనా ఆలస్యమైతే దిబ్బల టైము కోసేయండి కానీ తొట్లకొండది కొయ్యొద్దు.

బాత్రూముల ఇబ్బంది పెద్దవాళ్ళకి ముందే చెప్పాలి. భీమిలి వదిలాక రుషికొండ దాకా నమ్మకంగా దొరికేది తక్కువ, భోజనం చేసిన చోటే చూసుకోండి. తాగే నీళ్ళు ఐదుగురికి ఆరేడు లీటర్లు కారులో ఉంచండి. దిబ్బల దగ్గర దొరుకుతాయిలే అనుకోకండి.

భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులు బీచ్‌కి దగ్గర్లోనే. 17, 18 శతాబ్దాల నాటివి, ఇటుకా సున్నంతో కట్టినవి, కొన్ని పిరమిడ్‌లా కోసుగా లేచి ఉంటాయి. పలకల మీద డచ్చి భాషలో చెక్కిన అక్షరాలు ఇంకా చదవగలిగేలా ఉన్నవి ఉన్నాయి, పిల్లల చేత తారీకులు వెతికించండి. ఎక్కనివ్వకండి, సున్నం పెచ్చులు లేస్తోంది. 1825లో ఈ రేవు ఇంగ్లీషు వాళ్ళ చేతికి వచ్చింది, 1861కే మునిసిపాలిటీ అయింది. అక్కడి నుంచి సెయింట్ పీటర్స్ చర్చి, గంటస్తంభం, లైట్‌హౌసు, గోస్తని సంగమం. అన్నీ దగ్గర దగ్గరే, కారు ఒక చోట పెట్టి నడవొచ్చు. నాన్నగారు సంగమం దగ్గర కూర్చుంటారు. ఆ గోస్తని పుట్టింది బొర్రా గుహల దగ్గర అని పిల్లలకి చెప్పండి, ఈసారి అటు తీసుకెళ్ళమని వాళ్ళే అడుగుతారు.

సంగమం దగ్గర నీళ్ళలోకి మాత్రం దించొద్దు. ఏటి నీరు సముద్రంలోకి లాగే చోట కాళ్ళ కింద ఇసుక కోసుకుపోతూ ఉంటుంది, మోకాలి లోతు కూడా నమ్మడానికి లేదు. పిల్లలు తడవాల్సిందే అంటే రుషికొండలో లైఫ్‌గార్డులు చూపించిన హద్దులో తడవనివ్వండి.

జోడుగుళ్ళపాలెం అలలు:

తోరణం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను. మంగమారిపేట బీచ్‌లో ఉన్న ఆ రాయి పోటు మీద సరిగ్గా కనబడదు, దగ్గరికి పోవడం కుదరదు. పాటు వచ్చినప్పుడు చూడాలి. నీరు బాగా తీసిన వేళకి గంట ముందు, గంట తర్వాత, అంతే మీకున్న సమయం.

విశాఖ తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక పాటుకీ ఇంకో పాటుకీ 12 గంటల 25 నిమిషాల తేడా. అంటే రోజు రోజుకీ 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది. బయలుదేరే రెండు రోజుల ముందు విశాఖ రేవు టైడ్ టేబుల్ చూసుకోండి. ఉదాహరణకి మంగళవారం మధ్యాహ్నం 1:10కి పాటు అని ఉంటే గురువారానికి అది 2:50 అవుతుంది. అప్పుడు కుర్రోడు గారి లెక్క ప్రకారం మూడింటికి మంగమారిపేట సరిగ్గా సరిపోతుంది. అదే గురువారం పాటు పొద్దున పదకొండుకో సాయంత్రం ఐదుకో పడితే తోరణం కోసం మిగతా ప్లాను చెడగొట్టుకోవద్దు, నేరుగా తొట్లకొండ ఎక్కేయండి. పౌర్ణమి, అమావాస్య దగ్గర్లో నీరు మరీ కిందికి తీస్తుంది, కుదిరితే అలాంటి గురువారం ఎంచుకోండి.

నీరు తీశాక బయటపడే బండల మీద పచ్చగా నాచు ఉంటుంది. చెప్పులు జారతాయి, ఒట్టి కాళ్ళకి నత్తగుల్లల అంచులు కోసుకుంటాయి. అడుగున గట్లున్న బూట్లు వేయండి. బండ పొడిగా, గోధుమ రంగులో ఉన్న చోటే అడుగు పెట్టాలి. సముద్రానికి వీపు పెట్టి ఫొటోలు తీయొద్దు, తీసేవాడు కాక ఇంకొకరు అల మీద కన్నేసి ఉంచాలి. అమ్మగారూ నాన్నగారూ ఒడ్డు నుంచే చూడటం మేలు.

మంగమారిపేటలో రోడ్డు పక్కనే వలలు, ఎండుచేపలు ఆరేసి ఉంటాయి. పార్కింగు కోసం వాటి మీదకి ఎక్కించకండి. ఒక వల చిరిగితే బాగుచేయడానికి వాళ్ళకి రోజులు పడుతుంది. మూడింటి ప్రాంతంలో పడవలు ఒడ్డుకి లాగుతుంటే తాళ్ళు ఇసుకకి అడ్డంగా బిగిసి ఉంటాయి, పిల్లలు పరిగెత్తితే కాళ్ళకి తగులుకుంటాయి.